టూటీ ఏ ఊళ్ళో ఉంది?

మెంఫిస్
1998 మార్చి 14

అక్కా,

తిట్లు తినే వార్త ముందు చెప్పేస్తాను. టైర్ల షాపులో పని మానేశాను. ఆగు, ఉత్తరం చింపకు. పాట పూర్తయింది.

మన రికీగాడి కారు షెడ్డులోనే రికార్డు చేశాం. వీధి కుక్కల అరుపులు లోపలికి రాకుండా ఓరా పెద్దమ్మ బొంతలన్నీ తెచ్చి గోడలకు వేలాడదీశాం. ఆవిడ రోజూ గుమ్మంలో నిలబడి, "మీ పాట సంగతి దేవుడెరుగు, నా బొంతలు ఎప్పుడిస్తార్రా, చలికి కీళ్ళు బిగుసుకుపోతున్నాయి" అని ఒకటే గొడవ. ఆ గొడవ కూడా ఒక ముక్క పాటలో పెట్టాం. ఆవిడకి ఇంకా తెలియదు.

పోయిన శనివారం కార్లు కడిగే చోట డిక్కీ తెరిచి నిలబడితే సాయంత్రానికల్లా టేపులన్నీ అయిపోయాయి. రేడియోలో వేస్తానని డీజే మాటిచ్చాడు. మాటివ్వడం ఇది మూడోసారి అనుకో. అయినా ఈసారి అతని కళ్ళల్లో కళ్ళు పెట్టి అడిగాను.

చివర అందరి పేర్లూ చదివాను. మన దగ్గర ఎవడు పాట కట్టినా చివర తనవాళ్ళ పేర్లు చదవాల్సిందే కదా, లేకపోతే పెళ్ళికి పిలవనట్టు అలుగుతారు. క్షౌరం చేసే ఫ్లౌర్నాయ్ గారు తన పేరు పదకొండోది వచ్చిందని, తన కుర్చీలోనే నా తల సగం గొరిగి పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. టైర్ల షాపు మానేశాను, ఇక ముందు నీ ఉత్తరాలు ఆయన షాపుకే రావాలి కాబట్టి బతిమాలుకున్నాను. మొదటి పేరు ఎవరిదో మాత్రం చెప్పను. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకరికి మాటిచ్చాను. టేప్ పంపిస్తా, నువ్వే విను.

నిన్ను కట్టుకున్నవాడు లోపలే ఉన్నాడు. ఆర్లిస్ అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. వచ్చే ఏడాది చివరిదాకా వదలరని జైలు ఆఫీసులో చెప్పారు. నిశ్చింతగా నిద్రపో. నువ్వు చెప్పినట్టే ఒడెస్సా గారి పేరు మీద రాస్తున్నాను. ఫోను జోలికి పోవడం లేదు.

నా మేనకోడలు మైషాకి ముద్దులు.

నీ వెల్


బిలాక్సీ
1998 ఏప్రిల్ 2

ఒరేయ్ వెల్,

టైర్ల షాపు మానేశావని చదవగానే నిజంగానే ఉత్తరం చింపబోయాను. ఒడెస్సా గారు చేతిలోంచి లాక్కుని, "మిగతాది చదవమ్మా, కుర్రాడు ఏం చెప్తాడో" అంది. ఎనభై ఏళ్ళ మనిషి, మా చర్చిలో అందరికీ తల్లి లాంటిది. నీ ఉత్తరాలు నాకంటే ముందు ఆవిడే వాసన చూస్తుంది.

నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే పీతల ఫ్యాక్టరీకి వెళ్తాను. ఉడికించిన పీతలు కుప్పగా పోస్తే, బల్ల చుట్టూ కూర్చుని చిన్న కత్తితో మాంసం ఒలిచి డబ్బాల్లో పెట్టాలి. నా పక్కన వియత్నాం నుంచి వచ్చిన హాన్ అనే ఆవిడ కూర్చుంటుంది. నేను ఒక డబ్బా నింపేలోపు మూడు నింపి, నా చేతులకేసి చూసి జాలిగా తల ఊపుతుంది. సెలవు రోజుల్లో వాళ్ళ ఇంట్లో నూడిల్స్, మా ఇంట్లో ఎర్ర చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె. ఇక్కడ అందరికీ నేను ఐడాని. అమ్మమ్మ పేరు పెట్టుకున్నందుకు ఆవిడేమీ అనుకోదులే.

పన్నెండేళ్ళప్పటి మాట నాకూ గుర్తుందిరా. అమ్మ పోయిన మూడో ఏడు. పళ్ళు తోముకునే బ్రష్షు మైకులా పట్టుకుని, నురగ చొక్కా మీద కారుతుంటే, "రేడియోలో మొదట నీ పేరే చదువుతా" అన్నావు. నేను కోళ్ళ ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత నవ్వానో ఆ రోజు.

చిన్నప్పటి మాటలు చిన్నప్పుడే బాగుంటాయి. ఆ పేరు నువ్వు చదవలేదు కదా? ఊరికే అడుగుతున్నాను. చటనూగాలో అతను నన్ను పట్టుకున్నది పెద్దమ్మ ఫోను బిల్లులో ఒకే ఒక్క నంబరు చూసి. ఆ ఒక్క నంబరుకి ఆరు వారాలు విరిగిన దవడకు తీగలు కట్టించుకుని స్ట్రాతో సూపు తాగాను. నువ్వు మంచం పక్కన కూర్చుని పిచ్చి పాటలు కడితే, "నవ్వించకురా, తీగలు లాగుతున్నాయి" అని కాగితం మీద రాసి చూపించేదాన్ని. మర్చిపోయావా?

టేప్ త్వరగా పంపు.

నీ టూటీ


మెంఫిస్
1998 మే 9

అక్కా, అక్కా, అక్కా,

ఇదిగో టేప్. తలుపు వేసుకుని, గట్టిగా పెట్టుకుని విను.

డీజే మాట నిలబెట్టుకున్నాడు. ఒకసారి వేశాడు, ఫోన్లు ఆగలేదు, మళ్ళీ వేశాడు. ఇప్పుడు లిటిల్ రాక్‌లో వేస్తున్నారు, ష్రీవ్‌పోర్ట్‌లో వేస్తున్నారు. అట్లాంటా నుంచి పెద్ద కంపెనీ మనుషులు వచ్చి ఓరా పెద్దమ్మ సోఫాలో కూర్చున్నారు. ఆవిడ వాళ్ళకి వేయించిన చేప పెట్టి, "మీ కంపెనీలో బొంతలు ఉన్నాయా?" అని అడిగింది.

వాళ్ళకి నచ్చింది ఏమిటో తెలుసా? పాట కాదు. చివర నేను పేర్లు చదివేటప్పుడు మనవాళ్ళు జవాబు చెప్పారు చూడు, అది.

నన్ను పెంచిందెవరు?
టూటీ!
అమ్మ పోతే ముద్ద పెట్టిందెవరు?
టూటీ!
టూటీ ఏ ఊళ్ళో ఉంది?
బిలాక్సీ నీళ్ళ కాడ!
ఏం చేస్తోంది?
పీతలు ఒలుస్తోంది!

అక్కడికి వచ్చేసరికి జనం నన్ను పాడనివ్వడం లేదు. నేను అడగడమే తరువాయి, వెయ్యి మంది నీ పేరు అరుస్తున్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు అక్కా, నా అక్క పేరు! మొన్న వేదిక మీద మధ్యలో ఆగి చొక్కాతో మొహం తుడుచుకున్నాను. జనం అది కూడా పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

భయపడకు. నీ అసలు పేరు ఎక్కడా లేదు. వెర్నిటా అని ఒక్క అక్షరం అనలేదు. టూటీ అంటే ఎవరో బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?

మాట నిలబెట్టుకున్నానా లేదా చెప్పు.

వెల్


బిలాక్సీ
1998 మే 17

లావెల్‌కి,

టేప్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి ఏడ్చాను, సంతోషంతోనే. అమ్మ ఉంటే బాగుండేదనుకున్నాను. రెండోసారి చేతిలో గరిటె జారి కింద పడింది. మూడోసారి నేను విన్నట్టు వినలేదు. ఆర్లిస్ వింటే ఎలా ఉంటుందో అలా విన్నాను.

టూటీ అంటే బయటివాళ్ళకి తెలియదన్నావు. అతను బయటివాడా? పెళ్ళిలో ఆ పేరుతోనే పిలిచాడు. చటనూగాలో తలుపు పగలగొట్టేటప్పుడూ ఆ పేరుతోనే పిలిచాడు, ఎంత మెల్లగా పిలిచాడో తెలుసా, ఎదురింటావిడ ఎవరో చుట్టం వచ్చాడనుకుంది.

పేరు చెప్పావు. ఊరు చెప్పావు. చేసే పని కూడా చెప్పావు. ఈ ఊళ్ళో పీతల ఫ్యాక్టరీలు ఎన్ని ఉంటాయనుకున్నావు? పోస్టుమాన్‌కి కూడా ఇంత వివరంగా ఎవరూ చెప్పరు.

నువ్వు ప్రేమతోనే చేశావు. నాకు తెలుసు కాబట్టే ఇంకా కోపంగా ఉంది. ఆ నాలుగు మాటలూ తీసెయ్యి. ఊరైనా మార్చు. కంపెనీ వాళ్ళు కొత్తగా వేయబోయే టేపుల్లో అది ఉండకూడదు.

ఇంకొక మాట. ప్రతి ఉత్తరంలోనూ ఆర్లిస్ లోపలే ఉన్నాడని రాస్తావు. ఈసారి రాయలేదు.

వెర్నిటా


మెంఫిస్
1998 జూన్ 8

అక్కా,

కోపం తగ్గించుకో. కంపెనీతో మాట్లాడాను. అక్కడ నా పని చూసేది మిస్టర్ థాక్స్‌టన్ అని ఒకాయన. ఊరి పేరు తీసేద్దామని అడిగితే నవ్వి, "బాబూ, మేము కొన్నది ఆ నాలుగు మాటలే. మిగతా పాట వాటికి తోడుగా వచ్చింది" అన్నాడు. టేపులు అచ్చయిపోయాయి, లారీలు ఎక్కేశాయి. ఇప్పుడు కాదంటే కాగితాల మీద నేను పెట్టిన సంతకం నా మెడకే చుట్టుకుంటుంది.

నేను చెప్పేది కూడా కాస్త విను. ఈ పాట నిలబడితే నీకు ఆ పీతల కంపులో కూర్చునే అవసరం ఉండదు. చెరువు పక్కన ఇల్లు కొంటాను. గేటు పెట్టిస్తాను, కుక్కని కట్టేస్తాను. కొన్నాళ్ళు ఓపిక పట్టు.

ఆర్లిస్ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాడు. దాని గురించి ఆలోచించకు.

మైషా పుట్టినరోజుకి పాట పంపిస్తాను, తన పేరుతో. సరే, సరే, పేరు లేకుండా.

వెల్


బిలాక్సీ
1998 జూన్ 27

లావెల్‌కి,

నీ పాట ఈ ఊరు కూడా వచ్చేసింది. రావడమేమిటి, ఈ ఊరి పేరు చదివావు కాబట్టి ఇక్కడివాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. రొయ్యల పడవల మీద వినిపిస్తోంది. ఫ్యాక్టరీలో బల్ల చుట్టూ ఆడవాళ్ళు, "మనలో టూటీ ఎవరే?" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటున్నారు. నేనూ నవ్వుతున్నాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వుతున్నాను.

మంగళవారం చర్చిలో పిల్లలకి వేసవి బైబిలు బడి జరుగుతోంది. విరామంలో ఎవరో ఆ పాట పాడారట. మైషా లేచి నిలబడి, "ఆ పాడేది మా మామయ్య. టూటీ మా అమ్మే" అని చెప్పేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇన్నాళ్ళూ మామయ్య పేరు ఎత్తొద్దని, అమ్మ పేరు ఐడా అని చిలక్కి నేర్పినట్టు నేర్పాను. రేడియోలో అందరూ గర్వంగా అరిచే పేరుని అది ఎందుకు దాచుకోవాలి? కొట్టడానికి చెయ్యి ఎత్తి, దించేసుకున్నాను. నా ఇంట్లో ఎవరి మీదా చెయ్యి లేవకూడదని ఒట్టు పెట్టుకున్నాను కదా.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. తొమ్మిదేళ్ళప్పటి నుంచి నిన్ను నేనే పెంచాను, నువ్వు అబద్ధం ఎలా చెప్తావో నాకు తెలుసు. "ఎక్కడుండాలో అక్కడే ఉన్నాడు" అని రాశావు. అంతకు ముందు "లోపలే" అని రాసేవాడివి.

ఆర్లిస్ ఎక్కడున్నాడు?

వెర్నిటా


మెంఫిస్
1998 జూలై 6

అక్కా,

బయటికి వచ్చేశాడు.

ఏప్రిల్‌లోనే వదిలేశారు. ప్రవర్తన బాగుందని. జైల్లో చర్చి పాటలు పాడేవాడట. నాకు ఎప్పుడు తెలిసిందో చెప్తాను, నన్ను ఏమన్నా అనుకో. ఏప్రిల్ ఇరవైన కార్లు కడిగే చోటికి వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చొక్కా, చేతిలో బైబిలు. రెండు టేపులు కొన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. "అంతా విన్నాను వెల్, ఏడుపొచ్చింది" అన్నాడు. బైబిలు చంక మార్చుకుని, "అందరి పేర్లూ చదివావు, నా పేరు చదవలేదేం? ఆ ఇంట్లో నేనూ నీకు ముద్ద పెట్టాను కదా, నీకు కారు నడపడం నేర్పింది నేనే కదా" అన్నాడు. నేను నవ్వేశాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వేశాను. అతనూ నవ్వి, "పర్లేదులే. చదివిన పేరు చాలు" అన్నాడు.

అంటే నీకు మే నెలలో టేప్ పంపేటప్పటికే నాకు తెలుసు. ఆ నెలాఖరున కంపెనీతో సంతకాలు. ఊరి పేరు తీసెయ్యాలంటే సంతకం పెట్టకముందే తీసెయ్యాలి, తీస్తే కంపెనీ వెళ్ళిపోతుంది. నీకు ఒక్క నెల ఆగి చెప్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

షరతు మీద వదిలారు కాబట్టి, తన మీద నిఘా ఉంచే అధికారి అనుమతి లేకుండా అతను మన టెనెసీ రాష్ట్రం దాటకూడదు. దాటితే మళ్ళీ లోపలికే. దాటాడని ఎవరైనా ఫోను చేస్తే చాలు. ఆ ఎవరైనా నేను కాలేను అక్కా. నీకు తెలుసు మన వీధి సంగతి. పోలీసులకి నోరు విప్పినవాడి పాట ఎవడు వింటాడు? వాడు వచ్చి కూర్చుంటే తింటున్న పళ్ళెం వదిలేసి లేచిపోతారు. అయినా అతను దాటలేదు. రోజూ కనిపెట్టి చూస్తూనే ఉన్నాను.

ఇది కూడా చెప్పాలి. ఆగస్టు 22న కంపెనీ నాకు బిలాక్సీలో వేదిక పెట్టింది. సముద్రపొడ్డున, మధ్యాహ్నం. పోస్టర్ల మీద "టూటీ ఊరికి వస్తున్నాడు" అని వేశారు. నన్ను అడగలేదు.

ఏం చెయ్యమంటావు?

వెల్


బిలాక్సీ
1998 జూలై 19

లావెల్‌కి,

నువ్వు రోజూ కనిపెట్టి చూస్తున్నావు. బాగుంది.

శుక్రవారం భోజనాల వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర టెనెసీ నంబరు కారు ఆగింది. నేను కిటికీలోంచి ఆ భుజాలు చూశాను. మనిషి తిరక్కముందే వెనక ఐసు గదిలోకి వెళ్ళి, బస్తాల వెనక కూర్చున్నాను. రెండు గంటలు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఏప్రాను నోట్లో కుక్కుకున్నాను. దవడ పాత చోటే నొప్పి పుట్టింది.

తర్వాత హాన్ చెప్పింది. చాలా మర్యాదగా అడిగాడట, "ఇక్కడ టూటీ అని ఎవరైనా ఉన్నారా అమ్మా, నా భార్య" అని. హాన్ "ఇంగ్లీషు రాదు" అంది. యజమానితో రోజూ ఇంగ్లీషులోనే పోట్లాడే మనిషి! పక్కావిడని అడిగితే ఆవిడకీ రాదు. ఆ పక్కావిడకీ రాదు. బల్ల చుట్టూ పద్నాలుగు మందికి ఒక్కసారిగా ఇంగ్లీషు పోయింది. నేనెవరో వాళ్ళకి ఎప్పుడో అర్థమైపోయింది, నాతో నవ్వుతూ ఊరుకున్నారంతే. చివరికి అతను ఒక డబ్బా పీత మాంసం కొనుక్కుని, థాంక్స్ చెప్పి వెళ్ళాడట. పై వరసలో డబ్బా. అవి పొద్దున నేను ఒలిచినవి.

నేనే పోలీసులకి ఫోను చేద్దామనుకున్నాను. చేస్తే నా పేరూ, ఇంటి చిరునామా కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ కాగితం నకలు అతని వకీలు చేతికి పోతుంది. పోయినసారి అలాగే పోయింది. నువ్వు చేసుంటే నీ పేరు ఒక్కటే పోయేది.

నిన్ను పెంచినందుకు నేను ఏమీ అడగలేదు. అడిగినట్టు ఇప్పుడు నీకు అనిపిస్తే అనిపించనీ.

వెళ్ళిపోతున్నాం. ఎక్కడికో నీకు చెప్పను. చెడ్డవాడివని కాదు. నీకు ఏది తెలిసినా, నీకు ఇష్టమైనదైతే అది నోట్లో ఆగదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ గుణం వల్లే పాటగాడివి అయ్యావు.

మైషా హాన్ వాళ్ళ పిల్లి కోసం ఏడుస్తోంది.

వెర్నిటా


మెంఫిస్
1998 సెప్టెంబర్ 5

అక్కా,

ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో తెలియదు. ఒడెస్సా గారికి పంపుతున్నాను. బిలాక్సీ వచ్చిన రోజు పొద్దున నీ సంగతి అడిగితే, ఆవిడ చర్చి గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఉత్తరం ఇస్తే తీసుకుంటాను, ఊరు అడిగితే తలుపేస్తాను" అంది.

ఆగస్టు 22న బిలాక్సీలో పాడాను. ఇసుక కనిపించనంత జనం. మూడో వరసలో ఆర్లిస్. ఆదివారం సూటు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నావైపు చూడటం లేదు. జనంలో ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాడు. నువ్వు వస్తావని వచ్చాడు. నా పాట పిలిస్తే నువ్వు వస్తావని.

పాట చివరికి వచ్చేసింది. నన్ను పెంచిందెవరంటే టూటీ అన్నారు. ముద్ద పెట్టిందెవరంటే టూటీ అన్నారు. మూడోది అడగబోయి ఆగిపోయాను. సంగీతం ఆపమన్నాను. "ఇది రాసినవాణ్ణి నేనే, నేనే చెప్తున్నా వినండి. టూటీ ఇక్కడ లేదు. ఆ మాట తప్పు రాశాను. మిమ్మల్ని పెంచినావిడ ఏ ఊరు? మీ ఊరి పేరు చెప్పండి" అన్నాను. మైకు జనంవైపు చాచాను. అప్పుడు ఒక ముసలాయన "హాటీస్‌బర్గ్!" అని అరిచాడు. ఎవరో "గల్ఫ్‌పోర్ట్!" అన్నారు. తర్వాత ఇక ఆగలేదు అక్కా, పేరు వినని ఊళ్ళన్నీ అరిచారు, చచ్చిపోయిన అమ్మల ఊళ్ళు కూడా అరిచారు. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆర్లిస్ మొహాలు చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టాడు.

వేదిక వెనక బస్సు దగ్గర కాచుకున్నాడు. "ఏ ఊరు, వెల్?" అన్నాడు, మెల్లగానే. నాకు తెలియదన్నాను. నా జన్మలో అంత హాయిగా నిజం ఎప్పుడూ చెప్పలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

దవడ రెండు చోట్ల విరిగింది. తీగలు కట్టారు. ఆరు వారాలు. స్ట్రాతో సూపు తాగుతున్నాను, పెద్దమ్మ పక్కన కూర్చుని మూతి తుడుస్తోంది. నీకు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది. చూడటం వేరు.

ఆస్పత్రికి పోలీసు వచ్చాడు. మనలాగే నల్లవాడు, నా వయసే ఉంటుంది, పాట తెలిసినట్టుంది. "జారి పడ్డానని చెప్తావు కదా, అలాగే రాసుకుంటాను" అన్నాడు. కాగితం ఇమ్మని సైగ చేశాను. ఆర్లిస్ పూర్తి పేరు రాశాను. టెనెసీ వాడని రాశాను, జూలైలో కూడా సరిహద్దు దాటాడని రాశాను, అతని అధికారి పేరు రాశాను. కింద నా పేరు, పెద్ద అక్షరాలతో. పాటలో ఇరవై మూడు పేర్లు చదివాను. ఈ పేరు చెప్పాల్సింది ఏప్రిల్‌లో.

మళ్ళీ లోపల వేశారు. మిగిలిన శిక్ష కాక కొత్త కేసు. ఈసారి నీ సంతకం ఎక్కడా అక్కర్లేదు, నీ ఊరు ఏ కాగితంలోనూ లేదు.

ఇక్కడ సంగతి నువ్వే ఊహించుకో. రికీ రావడం లేదు. డీజే నా గురించి రేడియోలో ఏదో కూశాడట. ఫ్లౌర్నాయ్ గారి షాపులో నేను అడుగు పెడితే మాటలు ఆగిపోతున్నాయి. ఆయన మాత్రం నా తల పూర్తిగా గొరిగి పంపించాడు. థాక్స్‌టన్ మిగతా ఊళ్ళ కార్యక్రమాలు ఆపేశాడు. కానీ ఆ రోజు బీచిలో ఎవరో రికార్డు చేశారు. అది చేతులు మారుతోందని వింటున్నాను.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నువ్వూ మైషా క్షేమమని ఒక్క ముక్క ఎవరిచేతనైనా చెప్పించు. చాలు.

వెల్


1998 నవంబర్ 21

తమ్ముడూ,

పైన ఊరి పేరు రాయలేదు. చెయ్యి అలవాటుగా మొదటి అక్షరం దాకా వెళ్ళింది, వేరే కాగితం తీసుకున్నాను. కవరు మీద పోస్టు ముద్ర చూసి లెక్కలు కట్టకు. ఇక్కడ మాకు తెలిసిన ఒకావిడ లారీ తోలుతుంది, తనకి ఎక్కడ తోస్తే అక్కడ వేస్తుంది.

నీ ఉత్తరం నాలుగు చేతులు మారి వచ్చింది. దవడ దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను. తొమ్మిదేళ్ళ పిల్లాడి మొహమే కనిపించింది. ఈపాటికి తీగలు తీసేసి ఉంటారు. కొన్నాళ్ళు గట్టివి నమలకు. చలికి లాగుతుంది, మఫ్లరు కట్టుకో. ఆవలింత వస్తే చెయ్యి అడ్డం పెట్టుకో. ఇవి నాకు ఎవరూ చెప్పలేదు.

కోపం పోయిందా అంటే, అంతా పోలేదు. పొద్దున లేచి ఈ కొత్త వంటింట్లో గిన్నెలు ఎక్కడున్నాయో వెతుక్కునేటప్పుడు మళ్ళీ వస్తుంది. కానీ ఆ కాగితం మీద నీ పేరు పెద్ద అక్షరాలతో రాశావని చదివాక, చాలా రోజుల తర్వాత లైటు ఆర్పి పడుకున్నాను. నువ్వు ఏం పోగొట్టుకున్నావో నాకు తెలుసు. ఆ వీధి నాకూ తెలిసిందే.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఆ బీచి టేప్ ఈ ఊరు కూడా వచ్చింది. ఇక్కడి రేడియోవాడు "టూటీ ఏ ఊళ్ళో ఉంది?" దగ్గర పాట ఆపి, ఫోను చేసినవాళ్ళ చేత ఈ ఊరి పేరు అరిపిస్తున్నాడు. పక్క ఊరివాడు వాళ్ళ ఊరి పేరు అరిపిస్తున్నాడట. మొన్న కూరగాయల దుకాణంలో ఒక ముసలావిడ నాతో పందెం వేసింది, టూటీ ఈ ఊళ్ళోనే ఉందని, తన చిన్నప్పటి స్నేహితురాలే అని. నేను కాదన్నాను. ఉల్లిపాయలు పందెం. ఇచ్చేశాను.

మైషా ఇప్పుడు ఆ చోట గట్టిగా ఊరి పేరు అరుస్తుంది. అరవనిస్తున్నాను. అందరు పిల్లలూ అరుస్తున్నారు కదా.

ఎవరు రానిచ్చినా రానివ్వకపోయినా మళ్ళీ పాడు. కంపెనీ లేకపోతే కారు డిక్కీ ఉంది. ఊరూరా తిరుగు. ఏ ఊళ్ళో నిలబడినా ఆ మూడో ప్రశ్న అడుగు. ఏదో ఒక ఊళ్ళో నేను జనంలో ఉంటాను, అందరితో పాటు ఆ ఊరి పేరు అరుస్తాను. నువ్వు వేదిక మీంచి మొహాలు వెతకకు. చెయ్యి చెవికి ఆనించుకుని, వినపడటం లేదన్నట్టు ఇంకోసారి అడుగుతావట కదా. అలా అడుగు. రెండోసారి ఇంకా గట్టిగా అరుస్తాను.

టూటీ